టికెట్టు డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి?

బోగోలు మండలంలో బిట్రగుంట స్టేషను ఉంది. బిట్రగుంట రైలు ఊరు. ఒకప్పుడు అక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆ రోజుల్లో టికెట్టు కావాలంటే కౌంటరు కిటికీ దగ్గరికే పోవాలి. కిటికీలో డబ్బులు పెడితే చిన్న అట్టముక్క చేతికొచ్చేది. అదే టికెట్టు.

ఇప్పుడు ఆ కిటికీ సెల్‌ఫోనులోకి వచ్చేసింది. ఐ.ఆర్.సి.టి.సి. అనేది రైల్వే వారి సంస్థ. ఆ సంస్థ 2002 ఆగస్టులో ఇంటర్నెట్టులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో ఇంటర్నెట్టులో కొన్న టికెట్టు కొరియరులో ఇంటికి వచ్చేది. 2005లో ఇ-టికెట్టు వచ్చింది. దీనికి కాగితం ఇంటికి రానక్కరలేదు. ఫోనులో వచ్చిన మెసేజీ, చేతిలో గుర్తింపు కార్డు ఉంటే చాలు.

కొనడం సులువైంది. డబ్బులు తిరిగి రావలసినప్పుడే తగాదా.

జువ్వలదిన్నెలో ఒక పెద్దమ్మ ఉందనుకుందాం. ఆమె కూతురు సికింద్రాబాదులో ఉంది. నెలలు నిండాయి. కాన్పుకు పెద్దమ్మ పోవాలి. తోడుగా చిన్నకొడుకు వస్తాడు. ఇద్దరూ కావలిలో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. పెద్దమ్మ బోగోలులో నెట్ షాపుకు పోయింది.

"అబ్బయ్యా, సికింద్రాబాదుకు రెండు టికెట్లు చెయ్యి" అంది.

"వెయిటింగు ఉండాది పెద్దమ్మా. ఏం గాదు, వచ్చేస్తాదిలే" అన్నాడు షాపు అబ్బాయి.

టికెట్టు ఒక్కొక్కటి 400 రూపాయలు. రెండింటికి 800. షాపు ఖర్చులు 100. పెద్దమ్మ 900 లెక్కబెట్టి ఇచ్చింది.

"ఫోను నంబరు చెప్పు పెద్దమ్మా."

"ఆ మెసేజీలు నాకేం తెలుస్తాయి నాయనా! నీ నంబరే ఎయ్యి."

ఆ ఒక్క మాటతో 800 రూపాయల పెత్తనం షాపు అబ్బాయి చేతికి పోయింది. అది పెద్దమ్మకు తెలియదు.

ప్రయాణం రోజు వచ్చింది. తల్లీ కొడుకూ సంచులతో బండెక్కారు. టి.సి. వచ్చి కాగితం చూశాడు.

"అమ్మా, మీ టికెట్టు వెయిటింగులోనే నిలిచిపోయింది. దానంతటదే రద్దయిపోయింది. మీరు టికెట్టు లేకుండా ఎక్కినట్టు లెక్క" అన్నాడు.

రైల్వే చట్టం ప్రకారం టికెట్టు లేని మనిషి ఛార్జీ కట్టాలి. దాని మీద అదనంగా ఇంకొక ఛార్జీ గానీ, 250 రూపాయలు గానీ కట్టాలి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పెద్దమ్మ కాన్పు ఖర్చులకని కొంగున కట్టుకున్న డబ్బులు అక్కడే విప్పింది. రాత్రంతా జనరల్ పెట్టెలో నిలబడి పోయింది.

తిరిగి వచ్చాక షాపుకు పోయి అడిగింది.

"రైలోళ్లు కోసేసినారు పెద్దమ్మా. డబ్బులేం రాలా. పాపమని నా చేతినించి రెండొందలు ఇస్తా, తీసుకో" అన్నాడు అబ్బాయి.

నిజంగా రైలు వాళ్లే కోశారా? ఇది తెలియాలంటే టికెట్టు నడక తెలియాలి.

సీటు ఖాయమైతే టికెట్టు మీద ఇంగ్లీషులో సి.ఎన్.ఎఫ్. అని ఉంటుంది. ఆర్.ఎ.సి. అంటే కూర్చోవడానికి చోటు ఉంది, పడుకునే బెర్తు ఇంకా ఖాయం కాలేదు. డబ్ల్యు.ఎల్. అంటే వెయిటింగు. వెయిటింగు అంటే వరసలో ఉన్నారు, సీటు రాలేదు. ఈ మూడు గుర్తులూ పలక మీద పది సార్లు రాసి నేర్చుకోదగ్గవి. టికెట్టు మీద పది అంకెల నంబరు కూడా ఉంటుంది. దాన్ని పి.ఎన్.ఆర్. అంటారు. 139కి ఫోను చేసి ఆ నంబరు చెబితే టికెట్టు సంగతి చెబుతారు.

బండి బయలుదేరే ముందు పేర్ల పట్టిక తయారవుతుంది. అదే చార్టు. పాత రోజుల్లో చార్టు నాలుగు గంటల ముందు వచ్చేది. 2025లో ఆ గడువును ఇంకా ముందుకు జరిపారు. పొద్దున బయలుదేరే బండ్లకు ముందు రోజు రాత్రే చార్టు వస్తోంది. అంటే ఇల్లు కదలక ముందే సీటు సంగతి తెలుసుకోవచ్చు. పెద్దమ్మ నంబరు టికెట్టులో ఉండి ఉంటే, ఆమె ఫోనుకే మెసేజీ వచ్చేది.

ఇ-టికెట్టు మీద ఉన్న వాళ్లందరూ చార్టు తరువాత కూడా వెయిటింగులోనే ఉంటే ఆ టికెట్టు దానంతటదే రద్దవుతుంది. ఎవరూ అర్జీ పెట్టనక్కరలేదు. కొంత కోసుకొని మిగతా డబ్బు రైల్వే వెనక్కి పంపుతుంది. 2015లో వచ్చిన నియమాల్లో ఈ కోత స్లీపరు టికెట్టుకు మనిషికి 60 రూపాయలు. ఆ లెక్కన పెద్దమ్మ డబ్బు చూద్దాం.

టికెట్ల ధర: 400 + 400 = 800
కోత: 60 + 60 = 120
తిరిగి రావలసింది: 800 - 120 = 680

షాపు ఖర్చు 100 తిరిగి రాదు. ఇంటర్నెట్టులో కొన్నందుకు తీసుకునే రుసుము కూడా రాదు. అది పోగా 680 రూపాయలు పెద్దమ్మవి. షాపు అబ్బాయి ఇస్తానన్నది 200.

మరి ఆ 680 ఎక్కడికి పోయాయి? ఇంటర్నెట్టు టికెట్టు డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాలోనే పడుతుంది. పెద్దమ్మ నోట్లు ఇచ్చింది షాపు అబ్బాయికి. అతను తన ఖాతా నుంచి రైల్వేకు కట్టాడు. కాబట్టి డబ్బు పడింది అతని ఖాతాలో. మెసేజీ వచ్చింది అతని ఫోనుకు. రైల్వే లెక్కలో డబ్బు ఇచ్చేసినట్టే. పెద్దమ్మ లెక్కలో రానట్టే. తిట్లు మాత్రం రైలు వాళ్లకు!

ఇలా జరుగుతుందని రైల్వేకూ తెలుసు. అందుకే 2019 అక్టోబరులో ఒక పద్ధతి పెట్టారు. ఐ.ఆర్.సి.టి.సి. అనుమతి ఉన్న ఏజెంటు దగ్గర కొన్న టికెట్టు రద్దయితే, ప్రయాణికురాలి ఫోనుకే మెసేజీ వస్తుంది. అందులో ఎంత డబ్బు తిరిగి వస్తుందో ఉంటుంది. ఒక ఓ.టి.పి. నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరు ఏజెంటుకు చెబితేనే అతనికి ఆ డబ్బు అందుతుంది. కాబట్టి ముందు డబ్బు చేతిలో పడాలి, తరువాత నంబరు చెప్పాలి. కానీ మెసేజీ మన ఫోనుకు రావాలంటే టికెట్టులో మన నంబరే ఉండాలి. చదవడం ఇంకా సరిగా రాకపోయినా సరే, నంబరు మాత్రం ఇంటిదే ఇవ్వాలి. ఇంట్లో బడి పిల్ల ఉంటే చదివి పెడుతుంది.

అనుమతి లేని షాపులూ ఉన్నాయి. వాళ్లు తమ సొంత పేరు మీద ఉన్న ఖాతాలో ఊరందరికీ టికెట్లు చేసి, పైన కమీషను తీసుకుంటారు. సొంత ఖాతాలో చేసిన టికెట్టు మీద కింద ఇంగ్లీషులో ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. ఈ టికెట్టును అమ్మడం, కొనడం రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం అని దాని అర్థం. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే మూడేళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అనుమతి ఉన్న ఏజెంటు టికెట్టు మీద ఏజెన్సీ పేరు ఉంటుంది. డబ్బులు ఇచ్చే ముందే కాగితం చదివించుకుంటే ఈ తేడా తెలిసిపోతుంది.

కౌంటరులో కొన్న టికెట్టు నడక వేరు. అది వెయిటింగులో ఉన్నా దానంతటదే రద్దు కాదు. డబ్బూ ఇంటికి రాదు. బండి బయలుదేరడానికి అరగంట ముందే కౌంటరుకు పోయి టికెట్టు ఇచ్చేసి డబ్బు తీసుకోవాలి. ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే. దీనికి ఒక మేలు కూడా ఉంది. డబ్బు ఇచ్చిన కిటికీలోనే చేతికి వస్తుంది. నడుమ ఎవరూ ఉండరు.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే ఇ-టికెట్టు మీద ముగ్గురు ఉన్నారనుకుందాం. ఇద్దరికి సీటు వచ్చింది, ఒకరికి రాలేదు. అలాంటి టికెట్టు దానంతటదే రద్దు కాదు. ముగ్గురూ ప్రయాణం మానుకుంటే బండికి అరగంట ముందే ఇంటర్నెట్టులో అర్జీ పెట్టాలి. ఆ అర్జీని టి.డి.ఆర్. అంటారు.

సీటు ఖాయమైన టికెట్టును మనమే మానుకుంటే కోత ఎక్కువ. బండి టైము దగ్గరయ్యే కొద్దీ కోత పెరుగుతుంది. చివరి గంటల్లో అయితే ఏమీ రాదు. ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే పైసా రాదు. ఈ గడువులు అప్పుడప్పుడు మారుతుంటాయి. అందుకే రద్దు చేయించే ముందు 139కి ఫోను చేసి ఎంత వస్తుందో అడగాలి. తెలుగులోనే అడగవచ్చు.

బండినే రైల్వే రద్దు చేస్తే మొత్తం ఛార్జీ తిరిగి వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో మన దారిలో చాలా బండ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఇ-టికెట్టు డబ్బు దానంతటదే ఖాతాకు వస్తుంది. కౌంటరు టికెట్టు అయితే మూడు రోజుల లోపల కౌంటరులో ఇచ్చెయ్యాలి. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, మనం ఎక్కకపోతే అప్పుడూ మొత్తం వస్తుంది. అయితే బండి కదలక ముందే టి.డి.ఆర్. పెట్టాలి.

ఒక్కోసారి ఖాతాలో డబ్బు పోతుంది, టికెట్టు రాదు. గాబరాపడి ఎవరికి పడితే వారికి ఫోను చెయ్యకూడదు. 2019లో రిజర్వు బ్యాంకు దీనికి నియమం పెట్టింది. ఫోనులో యు.పి.ఐ. ద్వారా కట్టిన డబ్బు ఇలా నడుమ చిక్కుకుంటే అయిదు రోజుల్లో తిరిగి ఖాతాలో వెయ్యాలి. వెయ్యకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున కలిపి ఇవ్వాలి. ముందు బ్యాంకులో రాసి ఇవ్వాలి. బ్యాంకు వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448 ఉంది.

దొంగలు కాచుకొని ఉండేదీ ఈ గాబరా కోసమే. "రైల్వే నుంచి మాట్లాడుతున్నాం. మీ డబ్బు పంపుతాం. ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అంటారు. పిన్ను కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి.

పోయింది కొంచెమే కదా, ఎందుకు అడగాలి అనేవాళ్లు ఉన్నారు. రాజస్థానులో కోటా అనే ఊరు ఉంది. అక్కడి ఇంజనీరు ఒకాయన 2017లో ఢిల్లీకి వెయిటింగు టికెట్టు కొని రద్దు చేసుకున్నాడు. 35 రూపాయలు ఎక్కువ కోశారు. సర్వీసు టాక్సు పేరు మీద కోసినవి అవి. ఆయన సమాచార హక్కు చట్టం కింద అర్జీల మీద అర్జీలు పెట్టాడు. 2019లో 33 రూపాయలు వచ్చాయి. రెండు రూపాయలు తగ్గాయి. ఆ రెండు రూపాయల కోసం మళ్లీ రాశాడు. 2022లో అవీ వచ్చాయి. ఆయన అర్జీకి వచ్చిన జవాబులో ఇంకొక సంగతి ఉంది. ఆయన మాదిరే ఎక్కువ కోత పడిన వాళ్లు 2 లక్షల 98 వేల మంది. వాళ్లందరికీ కలిపి 2 కోట్ల 43 లక్షల రూపాయలు తిరిగి ఇవ్వాలని తేలింది.

పెద్దమ్మవి 680 రూపాయలు. అడగడానికి ఆమె దగ్గర టికెట్టు కాగితం ఉంది, పది అంకెల నంబరు ఉంది. షాపు అబ్బాయిని, "నీ ఖాతాలో ఎంత పడిందో చూపించు అబ్బయ్యా" అని నలుగురిలో అడగవచ్చు. చూపించకపోతే కింది విధంగా రాసి స్టేషనులో ఇవ్వవచ్చు. వినియోగదారుల నంబరు 1915కి కూడా చెప్పవచ్చు. అర్జీకి నకలు రాసి దాచుకోవాలి.

ఈ అర్జీని చదవండి. ఖాళీలు నింపి మీ నోటు పుస్తకంలో రాయండి.

స్టేషను మేనేజరు గారికి,
.................. రైల్వే స్టేషను.

అయ్యా,
నేను .................. గ్రామం, బోగోలు మండలం కాపురస్తురాలిని. ...... తేదీన .................. షాపులో ...... రూపాయలు ఇచ్చి ...... టికెట్లు కొన్నాను. పి.ఎన్.ఆర్. నంబరు .................. . టికెట్టు వెయిటింగులో ఉండి రద్దయింది. తిరిగి రావలసిన డబ్బు షాపు వారు నాకు ఇవ్వలేదు. డబ్బు ఏ తేదీన, ఎంత, ఎవరి ఖాతాకు పంపారో తెలియజేయగలరు. ఆ షాపుకు టికెట్లు అమ్మే అనుమతి ఉందో లేదో విచారించి, నా డబ్బు నాకు ఇప్పించగలరు. టికెట్టు నకలు జత చేశాను.

తేదీ: ............
ఇట్లు,
(సంతకం)