కుంటకట్టను పరీక్షించు విధము

మన పాఠశాలలో చదువు విద్యార్థులలో ననేకులు వ్యవసాయదారుల బిడ్డలు. వారిలో కొందరి యిండ్లవారికి సొంత కుంటలు కలవు. వానకాలమున వాగునీటిని మట్టికట్టతో నిలిపి, పైరు వాడు దినములలో తూము తీసి వాడుకొనుటకై యీ కుంటలు ఏర్పడినవి. కుంట యొకరి సొత్తే. కాని కట్ట తెగిన దినమున నీరు పట్టాలను చూచి పారదు. పల్లమును చూచి పారును. కావున కట్ట మంచిచెడ్డలు చూచు పద్ధతిని యజమానులును, వారి బిడ్డలును, కట్టక్రింద కాపురముండువారును తెలిసికొనవలెను.

గడచిన శ్రావణమాసమున మేము తొమ్మిదవ తరగతివారిని వెంటబెట్టుకొని, మూడు కిలోమీటర్ల దూరమున నున్న యొక కుంటకు పోయితిమి. దాని యజమాని మా విద్యార్థి యొకనికి తాతగారు. కుంట నాలుగెకరములు, సగటు లోతు రెండు మీటర్లు. కట్టక్రింద మొదట వరిమడులు, వానికి దిగువను ఇరువది యిండ్ల పల్లె కలవు. ముందుగా విద్యార్థులచే లెక్క కట్టించితిమి. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు గనుక, కుంటలోని నీరు సుమారు 32,000 ఘనపు మీటర్లు, అనగా 32,000 టన్నులు. పది టన్నుల లారీలకెత్తినచో 3,200 లారీల బరువు. ఈ లెక్క తేలిన పిమ్మట విద్యార్థులు పల్లెవైపు చూచిరి. ఆ పల్లెనుండి బడికి వచ్చువారు ఆ తరగతిలోనే ముగ్గురు కలరు.

మట్టికట్టకు ముఖ్యముగా రెండు విధములైన ఆపదలు కలవు. ఒకటి, నీరు కట్టమీదుగా పొర్లుట. రాతికట్ట కొంతసేపు తాళగలదు గాని, మట్టికట్ట తాళజాలదు. పొర్లిన నీరు వెలుపలి వాలును కోసి, కొలది గంటలలోనే గండి పెట్టును. రెండవది, నీరు కట్టలోపలనుండి దారి చేసికొనుట. సన్నని ఊట మట్టిరేణువులను ఒక్కొక్కటిగా మోసికొనిపోవును, దారి వెడల్పగును, తుదకు బుంగ పడును. ఈ రెండింటిని దృష్టియందుంచుకొని కట్టను చూడవలెను.

మొదట అలుగును చూడవలెను. కుంట నిండిన తరువాత మిగులు నీరు క్షేమముగా పోవు త్రోవ అదియే. మేము చూచిన కుంటకు అలుగు కలదు గాని, దానిపై మూరెడు ఎత్తున మట్టి పోసి, చేపలు పోకుండ వెదురుతడిక కట్టియుండిరి. తడికకు తుంగయు చెత్తయు పట్టి అలుగు నోరు దాదాపు మూసికొనిపోయినది. మూరెడు నీరు ఎక్కువ నిలిచినచో ఒక తడి ఎక్కువ వచ్చునని యజమానియొక్క ఆశ. కాని అలుగును మూరెడు లేపుట యనగా కట్టను మూరెడు తగ్గించుటయే యని విద్యార్థులకు చూపితిమి.

రెండవది కట్ట తల. దానిపై నడచుచు పల్లములను, నెరియలను గుర్తింపవలెను. బండ్లు ట్రాక్టర్లు దాటినచోట కట్ట క్రుంగియుండును. నీరు ముందుగా పొర్లునది అచ్చటనే. మూడవది లోపలి వాలు. అలల దెబ్బకు రాతిపరుపు కదలినదా, మట్టి జారినదా యని చూడవలెను.

నాలుగవది వెలుపలి వాలు. గరిక కట్టకు మేలు చేయును. పెద్దచెట్టు కీడు చేయును. చెట్టు చచ్చినప్పుడు వేళ్లు కుళ్లి, వాని స్థానమున నీటికి దారులు మిగులును. పందికొక్కుల బొక్కలు, ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు కూడ నట్టివే. కావున పొదలను ఏటేట కొట్టి, వాలు స్పష్టముగా కనబడునట్లు ఉంచవలెను. కంటికి కనబడని కట్టను పరీక్షించుట యెవరి తరము గాదు.

అయిదవది కట్ట అడుగు, తూము పరిసరములు. మేము చూచిన కుంటలో తూమునకు పది అడుగుల దూరమున, చుట్టును గడ్డి యెండియుండగా, ఒకచోట మాత్రము పచ్చగా తుంగ మొలచియుండెను. కాలు పెట్టగా దిగబడెను. విద్యార్థి యొకడు, “అయ్యవారూ, బంకమట్టి పెట్టి దీనిని మూసివేయరాదా?” యని యడిగెను. మూయరాదు. వెలుపల మూసినచో నీరు లోపలనే ఒత్తిడి పెంచుకొని మరియొకచోట బయలుదేరును. ఊటను గాజుసీసాలో పట్టి కొంతసేపు కదలింపక యుంచవలెను. నీరు తేటగా నిలిచినచో, వారమునకొకసారి అదే చెంబు నిండుటకు పట్టు కాలమును వ్రాసికొనుచు కనిపెట్టియుండవలెను. సీసా అడుగున మట్టి దిగినచో కట్ట లోలోపల కరగుచున్నదని యర్థము. అప్పుడు ముందుగా దిగువ పల్లెవారికి తెలిపి, నీటిపారుదలశాఖ యింజనీరును పిలిపించి, ఊటపై మొదట ముతక ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పరువవలెను. అట్లు చేసినచో నీరు వెలుపలికి వచ్చును గాని మట్టి రాజాలదు. తూము తీసి నీటిమట్టమును తగ్గింపవలెను. ఒక్కసారిగా తగ్గించినచో తడిసిన లోపలి వాలు జారును గనుక, వీలైనంతవరకు క్రమముగా తగ్గింపవలెను.

ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించెను. 1369వ సంవత్సరపు ఆ శాసనమునందు చెరువునకు ఆరు దోషములు చెప్పబడినవి. అందు కట్టనుండి నీరు ఊరుట యొకటి.

యజమాని బాధ్యతను గూర్చి న్యాయస్థానములును విచారించినవి. చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరము జమీందారుగారి చెరువులు గొప్ప వానలకు తెగి రైలుమార్గమునకు నష్టము కలిగించినప్పుడు, మద్రాసు రైల్వే కంపెనీవారు వ్యాజ్యము తెచ్చిరి. 1874లో ప్రీవీ కౌన్సిలు, ఆ చెరువులు పూర్వకాలమునుండి ప్రజల సేద్యమునకై యున్నవనియు, వానిని కాపాడుట జమీందారుని విధియనియు, అజాగ్రత్త లేనిచో నష్టపరిహారము నీయనక్కరలేదనియు తీర్పు చెప్పెను. ఇందు “అజాగ్రత్త లేనిచో” అను మాటను ప్రతి యజమానియు గుర్తుంచుకొనవలెను.

అజాగ్రత్త యెంతకు తెచ్చునో హవాయి దీవులలోని కవాయి దీవియందు కనబడినది. అచ్చటి కలోకో కట్టను సుమారు 1890లో చెరకుతోటల నీటికై మట్టితో కట్టిరి. తరువాత అది వ్యక్తిగతమైన ఆస్తిగానే యుండెను. 2006 మార్చి 14న, అనేక దినముల వానల పిమ్మట, తెల్లవారకమునుపే అది తెగి ఏడుగురు మరణించిరి. నీరు కట్టమీదుగా పొర్లుటయు, అలుగు పూడ్చబడియుండుటయు సంభవమైన కారణములని ప్రభుత్వ విచారణ పేర్కొనెను. 2014లో యజమానికి కారాగారశిక్ష విధింపబడెను. చనిపోయినవారు దిగువను నిద్రించుచుండినవారు.

మన దేశమున 2021లో ఆనకట్టల భద్రతాచట్టము వచ్చినది. అది 15 మీటర్లకు మించిన కట్టలకును, 10 మొదలు 15 మీటర్ల యెత్తుగలవానిలో కొన్నింటికిని వర్తించును. మన కుంటకట్టలు నాలుగైదు మీటర్లు మాత్రమే. వానిని ఆ చట్టము క్రింద పరీక్షించుట కెవరును రారు. కావున యజమాని కన్నులే దానికి కావలి.

ఆ దినమున మేము చూచినదంతయు తాతగారికి విన్నవించితిమి. ఆయన కొంచెము నొచ్చుకొని, “మా నాయన కట్టిన కట్ట యిది. ఇన్నేండ్లలో గండి పడలేదు” అనెను. అది నిజమే. అయితే ఆయన తండ్రి అలుగుపై మట్టి పోయలేదు. ఈ మాటను మేము చెప్ప సాహసింపలేదు. మనుమడే మెల్లగా, “తాతా, అప్పుడు అలుగు తెరచి యుండెను గదా” అనెను. ఆయన బదులు చెప్పక, చాలసేపు పల్లెవైపు చూచుచు నిలిచెను.

మరుసటి ఆదివారమున తడిక తీసివేసి, పోసిన మట్టిని త్రవ్వించిరి. ఊట నీటిని మనుమడు వారము వారము సీసాలో పట్టి తరగతికి తెచ్చుచున్నాడు. ఇంతవరకు తేటగానే యున్నది. కాలమును వ్రాసికొను పుస్తకము ఆ బాలుని యొద్దనే కలదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. మృగశిర కార్తెకు ముందొకసారియు, కుంట నిండిన పిమ్మట వారమునకొకసారియు, గొప్పవాన కురిసిన ప్రతి పర్యాయమును మీ కట్టపై నడువుడు. మీ బిడ్డలను వెంట తీసికొనిపోవుడు. దిగువ యిండ్లవారిలో నెవరికి ముందుగా కబురు పంపవలెనో పేర్లు వ్రాసి యింట నుంచుడు. ఇందుకు కావలసిన ఖర్చు ఒక పార, ఒక సీసా, ఒక నోటుపుస్తకము మాత్రమే.