పరీక్షల్లో తేలని పాప కడుపు బాధ

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల. నెల రోజులుగా జిగట విరేచనాలు, పాలు తాగగానే ఏడుపు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. అత్తమ్మ వస, ఆముదం పట్టమంటోంది. ఏం చేయాలి?
– ఓ తల్లి, గార్ల

జవాబు: అమ్మా, వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లూ అక్కర్లేదు. మీ పాలు మాత్రం ఆపకండి.

ఆవు, గేదె పాలలోని ప్రొటీన్ పడని పిల్లల్లో ఇలాగే ఉంటుంది. మీరు తాగిన టీలోని పాల ప్రొటీన్ కూడా మీ పాల ద్వారా పాపకు చేరుతుంది. రక్తపరీక్షలో ఈ పడకపోవడం చాలాసార్లు కనబడదు. పిల్లల డాక్టరుతో మాట్లాడి మీరు 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, నెయ్యి మానేసి చూడండి. వాటికి బదులు రాగిజావ, నువ్వులు తీసుకోండి. పాపకు తగ్గాక మీరు మళ్లీ పాలు తాగడం మొదలుపెట్టి చూస్తేనే నిర్ధారణ.

అంగన్‌వాడీలో బరువు తూయిస్తూ ఉండండి. బరువు ఆగినా, మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతి కనిపించినా, మూత్రం తగ్గినా అదే రోజు మహబూబాబాద్ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రిళ్లు కాసేపు పాపను అత్తమ్మకిచ్చి మీరు నిద్రపోండి.