ఆంగ్లమున వ్యతిరేక పదములు: ఇంట చేయదగిన అభ్యాసము

శోళవరము నందలి మన పిల్లలు మూడు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకమున ఆంగ్లము. 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి, 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలై, తమిళము ఏటేట ఒక్కొక్క పై తరగతికి నిర్బంధ పాఠ్యాంశముగా వ్యాపించినది. ఈ భారమును జూచి కొందరు తల్లిదండ్రులు, ఆంగ్లము రావలెనన్న తెలుగును వదలక తప్పదని తలంచుచున్నారు. ఆ తలంపు సరికాదనుటకు వ్యతిరేక పదముల పాఠ మొక్కటి చాలునని మా అభిప్రాయము.

"ఓల్డ్" అను మాటకు వ్యతిరేక పద మేది? గైడు పుస్తకములో "న్యూ" అని యుండును. పిల్లవాడు దానిని వల్లించి, తాత ఓల్డ్, తమ్ముడు న్యూ అని వ్రాసివచ్చును. లోపము పిల్లవానిది కాదు, పట్టికది. తెలుగున పాతకు కొత్త, ముసలికి పడుచు. పాత చొక్కా యందుము గాని పాత తాత యనము. ఈ భేదము మన బిడ్డకు బడిలో చేరక ముందే తెలియును. కావున "పాతయా, ముసలియా?" అని ముందుగా నడిగినచో "న్యూ", "యంగ్" అను రెండును తమ తమ చోట కుదురుకొనును. "లైట్" అనునది తేలికయైనచో "హెవీ", వెలుతురైనచో "డార్క్". "రైట్" కుడియైనచో "లెఫ్ట్", ఒప్పైనచో "రాంగ్". "హార్డ్" గట్టిదైనచో "సాఫ్ట్", కష్టమైనచో "ఈజీ". అన్నిట తెలుగు తోడ్పడునని కాదు. మనిషియు పొడుగే, త్రాడును పొడుగే; ఆంగ్లమున నొకటి "టాల్", మరియొకటి "లాంగ్". ఇట్టివానికి ప్రత్యేకముగా అభ్యాసము కావలెను.

ఇక మాట ముందు చేరి అర్థమును త్రిప్పు అక్షరముల సంగతి. "హాపీ"కి "అన్‌హాపీ", "కరెక్ట్"కు "ఇన్‌కరెక్ట్". మనకిది క్రొత్త కాదు. న్యాయము, అన్యాయము, అచ్చు ముందైన "అన్" వచ్చి ఉచితము అనుచిత మగును. సంస్కృతపు "అన్", లాటిను "ఇన్", ఆంగ్లపు "అన్" ఒకే మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలమునుండి వచ్చియుండవలెనని 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పెను. తెలుగు, తమిళములది వేరు కుటుంబమని 1816లో మద్రాసున ఎల్లిస్ దొర, క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికలో నిరూపించెను. అందుకే మన స్వంత పద్ధతి వేరు: వచ్చును, రాదు, చేసిన, చేయని. తమిళమునందును "చెయ్ద", "చెయ్యాద" అని క్రియయే మారును. పిల్లలకు రెండు పద్ధతులును ఇంటనే దొరకినవి.

"ఇన్" అనునది "పాజిబుల్" ముందు "ఇమ్", "లీగల్" ముందు "ఇల్", "రెగ్యులర్" ముందు "ఇర్" అగును. ఇది సంధియే. ఉత్, లాసము కలిసి ఉల్లాసమైన తీరు నెరిగినవానికి ఇందు వింతలేదు.

అయితే ఒక హెచ్చరిక. మన ఊరి ప్రక్కగా పోవు కలకత్తా రహదారిపై తిరుగు చమురు ట్యాంకరు లారీల వెనుక "ఇన్‌ఫ్లేమబుల్" అని వ్రాసియుండును. "ఇన్" ఉన్నది గదా, మంట అంటుకొననిది కాబోలు నని పిల్లవాడు భ్రమపడిన ప్రమాదము! సులభముగా అంటుకొనునదనియే దాని అర్థము. "ఫ్లేమబుల్" అన్నను అదియే. మంట అంటుకొననిదైనచో "నాన్ ఫ్లేమబుల్" అనవలెను. అట్లే "ఇన్‌వాల్యుబుల్" అనగా విలువ లేనిది కాదు, వెల కట్టరానిది. మన "అమూల్యము" అచ్చముగా నిట్టిదే. ఆ మాట తెలిసిన బిడ్డ ఇక్కడ తడబడడు.

అభ్యాసమున మేము చెప్పు ముఖ్యవిషయము: జంటలోని రెండు మాటలను ఒకేనాడు నేర్పరాదు. రెండును క్రొత్తవైనచో ఏది యేదో కలగాపులగమగును. న్యూజిలాండు ఆచార్యుడు పాల్ నేషన్ మొదలగు భాషాబోధన పరిశోధకులును ఇట్లే చెప్పిరి. ఎక్కువగా వాడు మాటను ముందు నేర్పి, అది నిలిచిన కొన్ని దినములకు రెండవది చెప్పవలెను.

తల్లికి ఆంగ్లము రాకున్నను కొరత లేదు. ఆమె తెలుగున ఒక వాక్యము చెప్పవలెను. బిడ్డ దానిని ఆంగ్లమున చెప్పవలెను. వానకాలమున "చెరువు నిండినది" అన్నచో "ఫుల్". మద్రాసునకు త్రాగునీ రిచ్చు మన శోళవరము చెరువు వేసవిలో వెలితియైనప్పుడు "ఎంప్టీ". అంగడికి తీసికొనిపోయిననాడు వంకాయ చవకయా, ప్రియమా యని అడిగినచో "చీప్", "కాస్ట్లీ" అనవలెను. ఆ దినమున వాడిన మాటలను రాత్రి నోటుపుస్తకములో ఒక్కొక్క పూర్తి వాక్యముగా వ్రాయింపవలెను. విడిమాటల పట్టిక వలదు. వారమునకు నాలుగు జంటలు చాలును.