కారకం, విభక్తి: పాతనగర తెలుగు అభ్యాసకుల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాకరణశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థికి తొలుత ఎదురయ్యేది సంజ్ఞ. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే ఆరంభమౌతుంది. సంజ్ఞ తెలియనిదే సూత్రం బోధపడదు. తెలుగు మాతృభాషగా గలవానికి సంజ్ఞ తనకు తెలిసినదానికే పెట్టిన పేరు. ద్వితీయభాషగా నేర్చేవానికి మాత్రం, తన మాతృభాష వేరుచేయని అర్థాలను వేరుచేసి చూపే సాధనం. హైదరాబాదు పాతనగరంలోని ఉర్దూ, దక్కనీ మాతృభాషీయులను దృష్టిలో ఉంచుకొని కారకం, విభక్తి అనే రెండు సంజ్ఞలను ఇక్కడ పరిశీలించడమైనది.

2018లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన చట్టం పాఠశాలల్లో పదవ తరగతి వరకు తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. శాలిబండ, దబీర్‌పురా వంటి ప్రాంతాలలో, ఇంట తెలుగు వినని బాలబాలికలు సైతం దీనితో తెలుగు వ్యాకరణం చదవవలసినవారైనారు. వారి నోట “నాకు పిలిచారా?” అనే వాక్యం వినగానే నవ్వేవారున్నారు, “నన్ను” అని దిద్దేవారూ ఉన్నారు. హేతువు చెప్పేవారు అరుదు. నవ్వులపాలైన విద్యార్థి మరునాడు తరగతిలో నోరు విప్పడు. కనుక ఈ చర్చ కేవలం శాస్త్రవినోదం కాదు.

1. దోషహేతువు

ఉర్దూలో “కో” అనే ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. “భాయీ కో బులాయా” అన్నప్పుడు అది కర్మను తెలుపుతుంది. “భాయీ కో కితాబ్ దియా” అన్నప్పుడు సంప్రదానాన్ని తెలుపుతుంది. దక్కనీలో ఈ ప్రత్యయం “కు”గా వినిపిస్తుంది. “మేరెకు బులాయే” అనే వాక్యంలోని “కు”, తెలుగు “నాకు”లోని “కు” చెవికి ఒక్కటే. “మేరెకు మాలూమ్” అన్నదానికి “నాకు తెలుసు” సరిగా సరిపోతుంది. ఆ ధైర్యంతోనే అభ్యాసకుడు “మేరెకు బులాయే” అన్నదాన్ని “నాకు పిలిచారు”గా మారుస్తున్నాడు. ఇది అజాగ్రత్త కాదు. ధ్వనిసామ్యం వల్ల కలిగిన భ్రాంతి.

2. కారకం వేరు, విభక్తి వేరు

క్రియతో నామానికి గల అర్థసంబంధం కారకం. ఆ సంబంధాన్ని పైకి తెలిపే రూపం విభక్తి. ఒకటి అర్థానికి, మరొకటి రూపానికి చెందినవి. మన పాఠ్యబోధనలో ఈ భేదం తరచుగా మరుగున పడి, “కర్త అంటే ప్రథమ, కర్మ అంటే ద్వితీయ, సంప్రదానం అంటే చతుర్థి” అనే పట్టిక మాత్రమే మిగులుతున్నది. తెలుగు ప్రయోగం ఈ పట్టికకు లొంగదు.

“సలీము పుస్తకం తెచ్చాడు” అన్నచోట “పుస్తకం” కర్మయే, రూపం ప్రథమ. జడవాచకాలకు ద్వితీయార్థంలో ప్రథమ రావడం తెలుగుకు సహజం. “రావణుడు రామునిచేత చంపబడెను” అన్నచోట రాముడు కర్తయే, రూపం తృతీయ. “సలీము తమ్ముడికి పుస్తకం ఇచ్చాడు” అన్నచోట తమ్ముడు సంప్రదానం. కాని కి, కు ప్రత్యయాలను మన సంప్రదాయ విభక్తిపట్టిక షష్ఠిలో చేర్చింది. చతుర్థికి కొఱకు, కై అనేవాటిని చూపింది. సంస్కృత సంస్కారంతో “సంప్రదానానికి చతుర్థి” అని వల్లించిన విద్యార్థి “తమ్ముడి కొఱకు ఇచ్చాడు” అని వ్రాస్తే అర్థమే మారిపోతుంది. తమ్ముడి నిమిత్తం మరెవరికో ఇచ్చినట్లౌతుంది.

3. అరబ్బీ వ్యాకరణంతో పోలిక

పాతనగరంలో అరబ్బీ వ్యాకరణాధ్యయనానికి దృఢమైన సంప్రదాయమున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో వెలసిన జామియా నిజామియా ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. సర్ఫ్ (పదనిర్మాణం), నహ్వ్ (వాక్యనిర్మాణం) చదివినవానికి ఫాయిల్ (కర్త), మఫూల్ (కర్మ) అనేవి ఒక జాతి సంజ్ఞలనీ, రఫా, నసబ్, జర్ అనే అంత్యరూపభేదాలు మరొక జాతివనీ ముందే తెలుసు. ఫాయిల్‌కు రఫా, మఫూల్‌కు నసబ్ వస్తాయని అతడు నేర్చినాడు. వాక్యంలో పదం నిర్వహించే పని, ఆ పదం ధరించే రూపం వేర్వేరన్న మూలసూత్రం అతనికి కొత్త కాదు. మనం క్రొత్తగా నేర్పవలసినవి పేర్లు మాత్రమే.

అయితే ఈ పోలికకు హద్దులున్నాయి. అరబ్బీ ఫాయిల్ వాక్యస్థానాన్నిబట్టి ఏర్పడిన సంజ్ఞ. కర్మణి వాక్యంలో రఫా పొందే పదాన్ని ఫాయిల్ అనక నాయిబ్ ఫాయిల్ అంటారు. మన కర్త అర్థాన్నిబట్టి ఏర్పడినవాడు. తృతీయలో ఉన్నా కర్తయే. రెండవది మరింత ముఖ్యం. “జైదుకు దిర్హము ఇచ్చాను” అనే అర్థంలో అరబ్బీ ఇద్దానార్థక క్రియకు రెండు మఫూల్‌లు వస్తాయి; పుచ్చుకొన్నవాడు, ఇచ్చిన వస్తువు రెండూ నసబ్‌లోనే ఉంటాయి. ఉర్దూ “కో”తో కలిపివేసినదాన్ని అరబ్బీ కూడా ఇక్కడ విడదీయదు. కనుకనే సంప్రదానం అనే సంజ్ఞ ఈ అభ్యాసకునికి అత్యవసరం. అతని రెండు భాషలూ చూపని గీతను చూపేది అదే.

4. బోధనాక్రమం

లక్ష్యం ముందు, లక్షణం తరువాత నడవడం మేలు. “తమ్ముణ్ణి పిలిచాడు”, “తమ్ముడికి ఇచ్చాడు” అనే వాక్యాలను పక్కపక్కన వ్రాయించాలి. “ఎవరిని?”, “ఎవరికి?” అనే ప్రశ్నలు వేయించాలి. పిలు, చూచు, కొట్టు వంటి క్రియలను మొదటి ప్రశ్న క్రింద, ఇచ్చు, చూపు, పంపు వంటివాటిని రెండవ ప్రశ్న క్రింద చేర్పించాలి. రెండు వరుసలకూ ఉర్దూలో “కో” ఒక్కటే వస్తున్నదని విద్యార్థియే గమనించాలి. అప్పుడు కర్మ, సంప్రదానం అనే పేర్లు చెప్పాలి. చూచు, చూపు అనే క్రియల జంట ఇందుకు మిక్కిలి అనుకూలం: “నన్ను చూచాడు, నాకు చూపాడు.” విభక్తుల సంఖ్యాక్రమం చివరకు రావచ్చు.

ఈ మార్గానికి ఉపాధ్యాయునికి ఉర్దూ పాండిత్యం అక్కరలేదు. “కో” చేసే రెండు పనులు తెలిస్తే చాలు. “నాకు పిలిచారా?” అన్న బాలునితో “నీ భాషలో ఒక ప్రత్యయం చేసే పనిని తెలుగులో రెండు చేస్తాయి” అని చెప్పగలిగిననాడు, ఆ దోషమే పాఠానికి ప్రారంభమౌతుంది. సంజ్ఞ పరీక్షాపత్రం కోసం పుట్టినది కాదు. దాన్ని తిరిగి దాని పనిలో నిలపడం ప్రాచ్యకళాశాలల అధ్యాపకులమైన మన బాధ్యత.