చెట్టు ఇచ్చే తీపి

తీపి అనగానే మనకు పంచదార గుర్తుకు వస్తుంది. పంచదార మిల్లులు రాకముందు వంటింటి తీపికి బెల్లం, పాకమే ఆధారం. చెరకు రసాన్ని గాని, తాటి, ఈత చెట్ల నీరాను గాని కాచి చిక్కబరిస్తే పాకం తయారవుతుంది.

తాటిపాకం తయారీకి ఓర్పు, నేర్పు రెండూ కావాలి. గీత పనివాడు మోకు సాయంతో చెట్టెక్కి, పూగెల కొనను రోజూ పలుచగా చెక్కుతాడు. లోపల సున్నం పూసిన కుండను దానికి కడతాడు. రాత్రంతా బొట్టుబొట్టుగా కారిన రసమే నీరా. సున్నం లేకపోతే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను పులియబెడతాయి. అప్పుడది కల్లవుతుంది. పులిసిన రసం పాకానికి పనికిరాదు. అందుకే తెల్లవారుజామునే కుండలు దించి, రసం వడగట్టి, వెడల్పాటి బాణలిలో కాస్తారు.

నీరాలో అధిక భాగం నీరే. సుమారు 8 లీటర్లు కాస్తే ఒక కిలో బెల్లం వస్తుంది. నీరు ఆవిరైన కొద్దీ రసం చిక్కబడి, రంగు ముదురుతుంది. చిక్కబడగానే దించితే పాకం. ఇంకా కాచి అచ్చుల్లో పోస్తే బెల్లం.

ఈ తీపికి ప్రాంతానికొక పేరు ఉంది. కర్ణాటక మలెనాడులో చెరకుపాకాన్ని ‘జోని బెల్ల’ అంటారు, దోసెతో తింటారు. మహారాష్ట్రలో అది ‘కాకవి’, రొట్టెకు తోడు. తమిళనాట తాటిబెల్లం ‘కరుపట్టి’. దానితో సొంఠి కాఫీ కాస్తారు. ఒడిశాలో ఈతబెల్లం ‘ఖజురి గుడ’. మన ఇళ్లలో అరిసెలకు పాకం, శ్రీరామనవమికి పానకం ఉండనే ఉన్నాయి.

పాకంలో కొన్ని ఖనిజ లవణాలు ఉన్నా, అధిక భాగం చక్కెరే. కనుక మితంగా వాడాలి. మధుమేహం ఉన్నవారు ‘చెట్టు నుండి వచ్చినదే కదా’ అని ఎక్కువగా తీసుకోరాదు.

తాటిచెట్టు గెల వేయడానికి 12 ఏళ్లకు పైగా పడుతుంది. దాన్ని నరకడానికి ఒక పూట చాలు. ఇటుక బట్టీల కోసం ఎన్నో చెట్లు కూలాయి. తాడి తమిళనాడు రాష్ట్ర వృక్షం. దాన్ని కొట్టాలంటే కలెక్టరు అనుమతి ఉండాలని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అయితే చెట్టు నిలిస్తే చాలదు. ఎక్కడం ప్రాణాపాయమైన పని. ఆ పనికి వచ్చేవారు తగ్గిపోతున్నారు. చెట్టుతో పాటు, చెట్టెక్కే మనిషికీ రక్షణ, తగిన కూలి దొరికినప్పుడే ఈ తీపి మిగులుతుంది.

అభ్యాసం
1. నీరా కుండలో సున్నం ఎందుకు పూస్తారు?
2. పాకానికి, బెల్లానికి తేడా ఏమిటి?
3. ‘చెట్టు నిలిస్తే చాలదు’ అని ఎందుకు అన్నారు? మీ మాటల్లో రాయండి.
4. మీ ఊరిలో బెల్లంతో చేసే వంటల పేర్లను పెద్దలను అడిగి, తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను రాయండి.