టీకాలు 95 శాతం అయినా తట్టు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: డాక్టరు గారూ, మా మండలంలో చిన్నపిల్లల టీకాలు 95 శాతం పూర్తయ్యాయని చెబుతున్నారు. అయినా మా పక్క వీధిలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. లెక్క తప్పా, టీకా పనిచేయలేదా? మా మనవరాలికి ఏడో నెల. భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, లెక్క తప్పు కాకపోవచ్చు, టీకాలోనూ లోపం లేదు. ఆ 95 శాతం టీకా వేయించుకున్నవాళ్ల లెక్క. రక్షణ వచ్చినవాళ్ల లెక్క వేరు.

తొమ్మిది నెలలు నిండాక వేసే తొలి డోసు నూటికి సుమారు 85 మందికే పనిచేస్తుంది. 16–24 నెలల మధ్య రెండోదీ వేయిస్తే 97 మంది దాకా రక్షణ వస్తుంది. నూరు మంది పిల్లల్లో 95 మందికి తొలి డోసు, వాళ్లలో 85 మందికి రెండోదీ వేశారనుకోండి. కూడితే రక్షణ ఉన్నది 91 మందికి. తట్టుకు అది చాలదు. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్క బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి అంటుకునే జబ్బు ఇది. 15 మందికనుకున్నా, వాళ్లలో 14 మందికి రక్షణ ఉంటేనే పాకకుండా ఆగుతుంది. అంటే 93 శాతం పైమాటే.

పైగా అది మండలం సగటు. తొమ్మిది ఊళ్లలో 98 శాతం, పదో ఊళ్లో 60 శాతం ఉన్నా సగటు 94 వస్తుంది. తట్టు లేచేది ఆ పదో ఊళ్లోనే. ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలైతే చాలాసార్లు ఏ ఊరి రిజిస్టర్‌కీ ఎక్కరు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

రక్తం తీసి యాంటీబాడీలు చూసే సీరో సర్వే ఉంది కదా అంటారేమో. కొవిడ్ కాలంలో, 2021 జూన్–జూలైలో, ఐసీఎంఆర్ నాలుగో విడత సర్వే చేసింది. మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1, కేరళలో 44.4 శాతం మందిలో కొవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. తెలంగాణ అంకె వెనక ఉన్నవి కామారెడ్డి, జనగామ, నల్గొండ, మూడే జిల్లాలు. దాన్నిబట్టి భద్రాచలం ఏజెన్సీలోని ఒక గూడెం సంగతి చెప్పలేం.

అందుకే నేను ముందు అడిగేది జబ్బుపడ్డ పిల్లల వయసు, కార్డులో ఎన్ని డోసులున్నాయని. ఐదేళ్లు దాటినవాళ్లకు వస్తుంటే, డోసులు తప్పిన పిల్లలు ఏటా కొందరు చొప్పున పోగయ్యారని అనుమానిస్తాను.

మీ మనవరాలికి తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈపాటికి తగ్గుతుంటుంది. 2022లో ముంబైలో తట్టు ప్రబలినప్పుడు, కేసుల్లో పదో వంతుకు మించి తొమ్మిది నెలల లోపు పిల్లలే ఉన్న చోట్ల ఆరు నెలలకే ఒక డోసు వేయమని కేంద్రం సూచించింది. మీ దగ్గర అలాంటి నిర్ణయం ఏదైనా ఉందేమో ఏఎన్‌ఎం గారిని అడగండి. వేసినా సరే, తొమ్మిదో నెల డోసూ ఆ తర్వాతదీ మామూలుగా వేయించాల్సిందే. ఈలోగా పాపను జ్వరం, దద్దుర్లు ఉన్న ఇళ్లకు తీసుకెళ్లకండి. రోగి వెళ్లిపోయిన గదిలో కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు.

ఆ ఇద్దరు పిల్లల్నీ అమ్మవారని వేపమండలు కట్టి ఇంట్లోనే ఉంచేయకుండా పీహెచ్‌సీలో చూపించమనండి. వరుసగా రెండు రోజులు విటమిన్ ‘ఎ’ ఇస్తారు. కళ్లు దెబ్బతినకుండా, ప్రాణం మీదికి రాకుండా అది కాపాడుతుంది.