తిన్నాక పది నిమిషాలు

షుగర్ ఉందని రిపోర్టు రాగానే మనలో చాలామంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు ఆ రోజే అన్నం మానేస్తారు, జిమ్‌లో డబ్బు కడతారు, పొద్దున్నే కాకరకాయ రసం తాగుతారు. నెల తిరిగేసరికి నీరసపడి పాత అలవాట్లకే వచ్చేస్తారు. ఇంకొందరు ‘మా నాన్నకీ ఉండేది, నిక్షేపంలా బతికాడు’ అంటూ రిపోర్టును బీరువాలో పడేస్తారు. కోపం తెచ్చుకోకండి, రెండూ తప్పించుకోవడమే. షుగర్‌కి మన ఆవేశంతో పనిలేదు, మన మొండితనాన్ని అది లెక్కచేయదు. అది లొంగేది పూటపూటా చేసే చిన్న పనికే.

నాకూ షుగర్ ఉంది. తెలిసిన కొత్తలో భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉండేది. పెళ్లి బంతిలో వడ్డించేవాళ్లు ‘మీకు స్వీటు వద్దు కదండీ’ అని నలుగురి ముందు అంటారేమోనని ముడుచుకుపోయేవాణ్ణి. ఆ సిగ్గు అక్కర్లేదని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన మన దేశంలో పది కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. పాశ్చాత్యులతో పోలిస్తే మనవాళ్లకు తక్కువ బరువుకే, చిన్న వయసులోనే వస్తోంది. వంశం, పొట్ట దగ్గరి కొవ్వు, కూర్చుని చేసే ఉద్యోగాలు, కరువైన నిద్ర అన్నీ కలిసి తెచ్చిన జబ్బు ఇది. సిగ్గుపడేవాడు మాత్రలు దాచుకుంటాడు, దాచుకున్న మాత్ర ఏదో ఒక పూట తప్పిపోతుంది. కాబట్టి మాత్రల డబ్బా భోజనాల బల్ల మీదే పెట్టండి.

ఇక నేను ప్రాణం పెట్టి చెప్పే మాట: తిన్న ప్రతిసారీ పది, పదిహేను నిమిషాలు నడవండి. అన్నం, ఇడ్లీ, చపాతీ ఏది తిన్నా కాసేపటికి గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. టైప్ 2 రకం షుగర్‌లో ఇన్సులిన్ మాటను ఒళ్లు సరిగ్గా వినదు. అయితే నడిచే కాళ్ల కండరాలు ఇన్సులిన్ పెద్దగా తోడ్పడకపోయినా గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. మడిలో నీళ్లు ఎక్కువైనప్పుడు తూము తెరిచినట్టే ఇది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు షుగర్ ఉన్నవాళ్లను రెండు విధాలుగా నడిపించి చూశారు. రోజుకోసారి అరగంట నడిచినప్పటి కన్నా, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిచినప్పుడే భోజనం తర్వాతి షుగర్ బాగా తగ్గింది. రాత్రి భోజనం తర్వాత తేడా మరీ ఎక్కువ. తిన్నాక నూరడుగులు వేయమన్న పెద్దల మాట ఊరికే పుట్టలేదు.

ఈ అలవాటును నేను నమ్ముకోవడానికి ఇంకో కారణం ఉంది. పొద్దుటి వాకింగ్ తప్పితే ఆ రోజంతా పోయిందనిపిస్తుంది, దాంతో మధ్యాహ్నం మిఠాయికీ చెయ్యి సాగుతుంది. ఇక్కడ అలా కాదు. మధ్యాహ్నం తప్పితే రాత్రి మళ్లీ అవకాశం వస్తుంది. రోజుకు మూడుసార్లు మనల్ని మనం నిలబెట్టుకోవచ్చు. నాకు ఇప్పటికీ కొన్ని రాత్రులు మనసు మొరాయిస్తుంది. ‘తిన్న వెంటనే ఎక్కడికండీ, కాసేపు నడుం వాల్చకూడదూ’ అంటుంది మా ఆవిడ. మంచం కూడా మహా తియ్యగా పిలుస్తుంది. అందుకే చెయ్యి కడుక్కున్నాక కుర్చీ దగ్గరికే వెళ్లను, నేరుగా చెప్పుల దగ్గరికి వెళతాను. వానొస్తే వరండా, ఎండైతే అపార్ట్‌మెంట్ కారిడార్, ఆఫీసులో మెట్ల పక్క నడవా. చోటు లేదనకండి, చోటు ఎప్పుడూ ఉంటుంది. నమ్మకం కుదరకపోతే గ్లూకోమీటర్‌నే అడగండి: ఒకే భోజనం ఓ రోజు తిని కూర్చోండి, ఇంకో రోజు తిని నడవండి. రెండు గంటలయ్యాక చూస్తే అంకె మీకే తెలుస్తుంది.

మిగతావి గబగబా చెబుతాను. కంచంలో సగం కూరలుండాలి, అన్నం తగ్గాలి, పప్పో గుడ్డో తోడవ్వాలి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గత రెండు మూడు నెలల షుగర్ సంగతి చెబుతుంది, డాక్టరు చెప్పిన గడువుకు చేయించండి. ఏడాదికోసారి కంటి రెటీనా, కిడ్నీ పరీక్షలు. రోజూ పాదాలు చూసుకోండి, ఉత్త కాళ్లతో తిరగొద్దు. బీపీ, కొలెస్ట్రాల్ వదిలేయొద్దు. సిగరెట్ ఉంటే ఇవాళే మానండి. పొడులూ కషాయాలూ నమ్మి మాత్రలు ఆపకండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు. వాళ్లు నడక పెంచేముందు డాక్టరుతో మాట్లాడి, జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోవాలి.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట. ‘ఒక్కటి తింటే ఏం కాదులే’ అని స్వీటు బలవంతం చేయకండి. ‘నీకిది వద్దు’ అని కాపలా కూడా కాయకండి. చెప్పులేసుకుని పక్కన నడవండి, అంతకన్నా ఆప్యాయత లేదు. వచ్చే సోమవారం, ఒకటో తారీఖు అంటూ ముహూర్తాలు వెతక్కండి. మీ నడక ఈ రాత్రి భోజనంతోనే మొదలవ్వాలి. మీరు చేయగలరు, చేస్తారు.